పండ్లరసం పొడి ఎట్లా నిలుస్తుంది?



మామిడికాయ ఒక్కసారిగా దిగినప్పుడు ధర పడిపోవడం మీరెరిగినదే. "పాలను పొడి చేస్తున్నారు గదా, మామిడి రసాన్ని ఎందుకు చేయరాదు?" అని చాలామంది అడుగుతుంటారు. చేయవచ్చును. కాని పాలకున్న సుళువు పండ్లరసానికి లేదు. ఎందుకో చూద్దాం.

ఈ పద్ధతిని స్ప్రే డ్రైయింగు అంటారు. 1872లోనే అమెరికాలో శామ్యూల్ పెర్సీ అనే ఆయన ఇటువంటి పద్ధతికి పేటెంటు పొందాడు. పీచు లేకుండా వడకట్టి పలచన చేసిన రసాన్ని ఉక్కు గదిలోకి సన్నని తుంపరగా చిమ్ముతారు. లోనికి వచ్చే గాలి వేడి సుమారు 150 నుంచి 180 డిగ్రీల సెంటిగ్రేడు. అంత వేడికి రసం మాడిపోదా అంటారేమో! మాడదు. కుండ చెమర్చి నీళ్లు చల్లబడినట్లే, నీరు ఆవిరవుతున్నంతసేపు తుంపర అంతగా వేడెక్కదు. కొద్ది సెకండ్లలోనే పొడి అయి రాలుతుంది.

చిక్కు ఎక్కడున్నదంటే, పండులోని చక్కెరలో. వానాకాలంలో బెల్లం చెమర్చి సాగడం చూశారు గదా! పండు చక్కెరలు కూడా వేడికి మెత్తబడి గది గోడలకు బంకలాగా అంటుకొంటాయి. అందుచేత మొక్కజొన్న వంటి వాటి పిండి నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్‌ను ముందుగానే రసంలో కలుపుతారు. అది అంత త్వరగా మెత్తబడదు, చక్కెరనూ అంటుకోనివ్వదు.

ఇక్కడ ఒక లెక్క వేసుకోవాలి. 100 కిలోల రసంలో నీరు పోగా 15 కిలోల సారం ఉన్నదనుకోండి. దానికి సమంగా 15 కిలోల మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపితే, నష్టాలు లేకుంటే 30 కిలోల పొడి వస్తుంది. అందులో పండు సగమే! పొడి ఎక్కువ వచ్చిందంటే పండు ఎక్కువ ఉన్నట్లు కాదన్నమాట. కలిపినదేదో పొట్లం మీద తప్పక రాయాలి. ఆవిరి చేయవలసిన 85 కిలోల నీటికి ఇంధనం ఖర్చు కూడా ఉన్నది.

పొడిలో తేమ 5 శాతం మించకుండా చూసి, వెంటనే గాలి చొరని అల్యూమినియం రేకు సంచుల్లో మూయాలి. చెమ్మ తగిలితే గడ్డ కడుతుంది. వేడివల్ల సువాసన, సి విటమిను కొంత పోతాయి.

కనుక సంఘం పెట్టి యంత్రం కొనాలనుకొనేవారు తొందరపడవద్దు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వంటి చోట సలహా తీసుకోండి. మీ తోట రసాన్నే కొద్దిగా పొడి చేయించి, ఒక వానాకాలం నిలవ ఉంచి చూడండి. ఆ పొడి గడ్డ కట్టక, కొనేవారికి రుచి నచ్చితేనే పెట్టుబడి మాట.