వార్తల్లో పదం: బ్లూ స్క్రీన్

పాతబస్తీ ఛత్తా బజార్‌లో శుభలేఖలు కంపోజ్ చేసే కంప్యూటర్. రాత్రి దుకాణం కట్టేస్తూ షట్‌డౌన్ కొడితే, ఆగకుండా నీలితెర మీద ఏడుపు బొమ్మ వేసిందనుకోండి. అదే బ్లూ స్క్రీన్. 2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ వికటించి ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ఇలాగే మొరాయించాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

షట్‌డౌన్ వేళ వచ్చేదానికి మాత్రం తరచూ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవరే కారణం. పడుకోమంటే పడుకోని ప్రింటర్‌దో, వైఫైదో! తెరపై ‘డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్’ అని ఉంటే ముందు దాన్నే అనుమానించాలి. కుప్పకూలినప్పుడు విండోస్ రాసిపెట్టే మినీడంప్ ఫైల్ చాలాసార్లు దొంగ ఎవరో చెప్పేస్తుంది. యూఎస్‌బీ పరికరాలు పీకి చూడండి, డ్రైవర్ మార్చండి, ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. ఫార్మాట్ ఆఖరి మార్గంగానే ఉండాలి.

అన్నట్టు, 2025లో విండోస్ 11 ఈ తెర రంగును నలుపు చేసింది.