పెట్టుబడి వెళ్ళిపోయినా మిగిలేది

విదేశీ పెట్టుబడి వస్తే వర్ధమాన దేశాల ఎగుమతులు వాటంతట అవే పెరుగుతాయన్న అభిప్రాయం బలంగా ఉంది. వచ్చినవారు వెళ్ళిపోయిన తరువాత ఆ దేశానికి ఏమి మిగులుతుందన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. బంగ్లాదేశ్ అనుభవం ఇందుకు చక్కని సమాధానం.

1971లో స్వతంత్రమైన నాటికి ఆ దేశ ఎగుమతులకు జనపనారే ప్రధానాధారం. 1974లో అమలులోకి వచ్చిన మల్టీ ఫైబర్ ఒప్పందం ప్రకారం, సంపన్న దేశాలు తాము దిగుమతి చేసుకునే దుస్తులపై దేశాలవారీగా కోటాలు విధించాయి. దానితో కొరియా సంస్థలు కోటా అడ్డంకి లేని దేశాలను వెదకసాగాయి. అలా దేవూ సంస్థ, నూరుల్ ఖాదర్ నెలకొల్పిన దేశ్ గార్మెంట్స్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. 1979లో 130 మంది కొరియాకు వెళ్ళి, ఆరు నెలలపాటు కుట్టుపని మొదలుకొని కర్మాగార నిర్వహణ వరకు నేర్చుకొని వచ్చారు.

దేవూతో ఆ ఒప్పందం కొద్ది సంవత్సరాలకే ముగిసింది. విద్య మాత్రం ముగియలేదు. శిక్షణ పొందినవారిలో అత్యధికులు క్రమంగా బయటికి వచ్చి, సొంత కర్మాగారాలు స్థాపించారు లేదా ఇతరుల కర్మాగారాలను నడిపించారు. ప్రభుత్వం కూడా తోడ్పడింది. ఎగుమతి కోసం తెచ్చుకునే వస్త్రానికి దిగుమతి సుంకం మినహాయించింది. విదేశీ కొనుగోలుదారుడిచ్చిన బ్యాంకు హామీ పత్రం ఆధారంగానే ముడిసరుకు అరువు తెచ్చుకొనే వీలు కల్పించింది. అందువల్ల స్వల్ప మూలధనం గలవారు సైతం ఈ రంగంలో ప్రవేశించగలిగారు. నేడు బంగ్లాదేశ్ ఎగుమతి ఆదాయంలో 80 శాతానికి పైగా దుస్తులదే. 2005లో కోటాలు రద్దయినా ఆ పరిశ్రమ కూలిపోలేదు.

అయితే ఎగుమతుల లెక్క ఒక్కటే అభివృద్ధికి కొలమానం కాదు. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలోని సవార్‌లో రాణా ప్లాజా భవనం కుప్పకూలి 1,100 మందికి పైగా మరణించారు. ముందురోజే గోడలు పగుళ్ళిచ్చాయి. అయినా కార్మికులను మరునాడు పనిలోకి రప్పించారు. వారిలో అధికులు స్త్రీలు. ఆ ఘోరం తరువాతనే విదేశీ కంపెనీలు, కార్మిక సంఘాలు కలిసి భవన భద్రతపై చట్టబద్ధమైన ఒప్పందం చేసుకున్నాయి.

కనుక పెట్టుబడిని ఆహ్వానించే ప్రతి దేశమూ మూడు విషయాలు విచారించాలి. అది స్థానికులకు పనితనం నేర్పుతుందా? ముడిసరుకు స్థానికంగా తయారయ్యేందుకు దారి తీస్తుందా? శ్రమించే చేతులకు న్యాయమైన వేతనాన్నీ, ప్రాణ రక్షణనూ ఇస్తుందా? మూడవదానికి ‘అవును’ అన్న సమాధానం లేనినాడు, మొదటి రెండింటి వల్ల పెరిగిన సంపదకు కార్మికుల కుటుంబాలే మూల్యం చెల్లిస్తాయి.