మందు మిగిల్చిన మచ్చ

"ప్రాణం నిలబెట్టిన మందే మళ్ళీ కేన్సరు తెస్తుందటగా, నిజమేనా?" అని మన సమావేశాల్లో నన్ను పక్కకి పిలిచి అడిగేవారున్నారు. ఆస్పత్రి లేబొరేటరీలో క్రోమోజోములు చూడడం నా ఉద్యోగం కనుక నాకు తెలుస్తుందని వారి నమ్మకం. నిజమే, కాని అది సగం మాటే.

కీమోథెరపీ మందుల్లో చాలా భాగం కణంలోని డి.ఎన్.ఎ. మీద దెబ్బకొడతాయి. కేన్సరు కణానికీ, ఎముక మూలుగలో రక్తాన్ని తయారుచేసే మంచి కణానికీ తేడా వాటికి అంతగా తెలియదు. దెబ్బతిన్న కణాల్లో ఎక్కువ భాగం చచ్చిపోతాయి. మచ్చతో బతికి బయటపడ్డ ఒక్క కణం కొన్నేళ్ళ తరవాత ల్యుకీమియాకి మూలం కావచ్చు.

ఆ మచ్చని చూసి ఏ జాతి మందు పనో చాలాసార్లు పోల్చుకోవచ్చు. ఇది నాకు ఇప్పటికీ వింతే. మెల్ఫలాన్, సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులూ, రేడియేషనూ అయితే 5వ క్రోమోజోములోనో 7వ దానిలోనో ముక్కో, మొత్తమో పోతుంది. సాధారణంగా 5 నుంచి 10 ఏళ్ళు పడుతుంది. ముందుగా రక్తకణాల లెక్క తగ్గుతూ వస్తుంది. ఎటోపొసైడ్ జాతి మందులైతే 11వ క్రోమోజోము తెగి మరోదానికి అతుక్కుంటుంది. ఆ జబ్బు 1 నుంచి 3 ఏళ్ళలోనే, చెప్పాపెట్టకుండా వచ్చి పడుతుంది. 5, 7 సంగతి 1977లో బయటపెట్టినవారిలో షికాగో విశ్వవిద్యాలయపు జానెట్ రౌలీ ఒకరు. ఆవిడ క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి ఇంట్లో భోజనాల బల్ల మీద పేర్చుకునేవారు. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు నవ్వేవారట!

ఇక రెండో సగం. 2015లో సెయింట్ లూయిస్ శాస్త్రవేత్తలు కొందరు రోగుల పాత నమూనాలు తీసి చూశారు. టి.పి.53 అనే కాపలా జన్యువు చెడిన కణాలు కొందరిలో కీమో మొదలుకాక ముందే ఉన్నాయి. వయసు మళ్ళినవారిలో, ఏ జబ్బూ లేకపోయినా, ఇలాంటివి కొద్దిగా ఉండవచ్చు. మందు కొట్టిన చేలో చావని గరికలా, తోటి కణాలు పోయాక ఆ జాగా అవి ఆక్రమిస్తాయి.

నాకు తెలిసిన పెద్దాయన ఒకరు, "నేనే సంతకం పెట్టి ఆమెకి ఆ మందు ఇప్పించాను" అని కుమిలిపోయేవారు. ఆ మందు వాళ్ళకి తొమ్మిదేళ్ళిచ్చింది. కీమో చేయించుకున్నవారిలో అత్యధికులకి ఈ రెండో జబ్బు రానే రాదు. ఇదంతా ఆయనకి రెండుసార్లు చెప్పాను, రెండోసారి విన్నారు.

వైద్యం పూర్తయినవారు ఏ మందు ఎంత మోతాదులో పడిందో డాక్టరు చేత రాయించుకోండి. ఇండియాలో వైద్యం చేయించుకుని ఇక్కడికి వచ్చే అమ్మానాన్నల ఫైలు ఆవకాయ జాడీతో పాటు పెట్టెలో కాకుండా చేతిసంచీలో తెమ్మనండి. రక్తపరీక్షలో లెక్కలు తగ్గితే ఇక్కడి డాక్టరు మొట్టమొదట అడిగేది అదే.