క్లౌడ్ సర్వర్లపై పర్యవేక్షణ ఉపకరణాల సొంత నిర్వహణ: వ్యయ అంచనా పద్ధతి

1. ఉపోద్ఘాతం:

పత్రికలు, నిఘంటువులు, తాళపత్ర ప్రతుల ఛాయాచిత్రాలు నేడు క్లౌడ్ సర్వర్లలో నిక్షిప్తమవుతున్నాయి. సర్వరు ఆగిపోయిన సంగతి ఏ పరిశోధకుడో చెప్పేదాకా నిర్వాహకులకు తెలియకపోతే ఆ నిధి ఉండీ లేనట్టే. అందుకే పర్యవేక్షణ ఉపకరణాలు అవసరమవుతున్నాయి. ప్రొమీథియస్, గ్రఫానా వంటివాటిని లైసెన్సు రుసుము లేకుండా సొంతంగా నడుపుకోవచ్చు. రుసుము లేనంత మాత్రాన ఖర్చు లేదని కాదు. ఆ ఖర్చును ముందుగా లెక్కగట్టే విధానాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిల్వ:

సౌండ్‌క్లౌడ్ సంస్థలో 2012లో మొదలైన ప్రొమీథియస్, మెమరీ వినియోగం, డిస్కులో మిగిలిన చోటు వంటి కొలతలను నిర్ణీత వ్యవధిలో సేకరిస్తుంది. ఒక్కో కొలతకు సగటున 1 నుండి 2 బైట్ల చోటు పడుతుంది. 5 సర్వర్లు, ఒక్కోదానికి 1,000 కొలమానాలు, 15 సెకన్లకొకసారి సేకరణ అనుకొందాం. సెకనుకు సుమారు 333 కొలతలు వస్తాయి. 2 బైట్ల చొప్పున రోజుకు సుమారు 58 మెగాబైట్లు, ఏడాదికి సుమారు 21 గిగాబైట్లు అవుతాయి. వ్యవధిని 60 సెకన్లకు పెంచితే ఇందులో నాలుగోవంతు చాలు. కాబట్టి చిన్న సంస్థకు నిల్వ పెద్ద భారం కాదు.

3. అద్దె, దత్తాంశ రవాణా:

కొలమానాల సంఖ్య పెరిగేకొద్దీ మెమరీ అవసరం పెరుగుతుంది. దానితోపాటు సర్వరు అద్దె పెరుగుతుంది. క్లౌడ్ సంస్థలు సాధారణంగా లోపలికి వచ్చే దత్తాంశానికి కాక, బయటికి వెళ్లేదానికి రుసుము వేస్తాయి. పర్యవేక్షణను అదే సర్వరులో ఉంచితే ఈ రుసుము తప్పుతుంది. కాని సర్వరు కూలినప్పుడు కాపలాదారు కూడా కూలిపోతాడు. అందువల్ల వేరుగా ఉంచి, ఆ ఖర్చును అంచనాలో చేర్చడమే మేలు.

4. మనిషి సమయం:

అంచనాల్లో తరచుగా మరుగునపడేది ఇదే. నవీకరణలు, భద్రతా సవరణలు, హెచ్చరికల పరిశీలన ఒకరి సమయాన్ని కోరతాయి. నెలకు 6 గంటలు, గంటకు 500 రూపాయలు అనుకొంటే ఏడాదికి 36,000 రూపాయలు. అద్దె, నిల్వ, రవాణాలకు దీన్ని కలిపిన తరువాతే, రుసుము చెల్లించి వాడుకొనే సేవలతో పోల్చాలి.

5. ముగింపు:

పరిశోధన ప్రాజెక్టుల నిధులకు గడువుంటుంది. సర్వరు అద్దెకు ఉండదు. ప్రతిపాదన దశలోనే నిర్వహణ వ్యయాన్ని, నిధులు ముగిశాక దాన్ని భరించేదెవరో కూడా నమోదు చేయాలి. లేకుంటే ఏళ్ల తరబడి సేకరించిన సామగ్రి చెల్లించని ఒక్క బిల్లుతో పాఠకులకు అందకుండా పోగలదు.