అయిదు శాతం చాటున వదిలే చేతిచమురు

వైద్యఖర్చులో రోగి ఎంత భరించాలన్న ప్రశ్నకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న తార్నాకలో ఒక్కొక్కరికి ఒక్కో జవాబు దొరుకుతుంది. అక్కడి ఆర్టీసీ ఆసుపత్రిలో సంస్థ ఉద్యోగులకూ వారి కుటుంబాలకూ చికిత్స ఉచితం. 2007లో మొదలై, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల పరిమితికి చేరిన ఆరోగ్యశ్రీ, జాబితాలోని చికిత్సలకు అర్హుల నుంచి వాటా అడగదు. ఈ రెండింటికీ వెలుపల ఉండి సొంతంగా ఆరోగ్య బీమా పాలసీ కొనుక్కున్న రీసెర్చ్ స్కాలరుకో, ప్రైవేటు కాలేజీ లెక్చరరుకో మాత్రం కంపెనీ కొంత చెల్లించి, తక్కినది వారి నెత్తినే వేస్తుంది.

ఆ తక్కినదానికి పేర్లు పలు. ఆమోదించిన క్లెయిములో నిర్ణీత శాతాన్ని రోగి కట్టడం కో-పే. మొదటి కొంత మొత్తాన్ని పాలసీదారే భరించాక ఆపై ఖర్చుకే కంపెనీ బాధ్యత వహించడం డిడక్టిబుల్, ఇది టాప్-అప్ పాలసీలలో మామూలు. అయితే నిజంగా చేతిచమురు వదిలించేది గది అద్దె పరిమితి, దాన్ని చాలామంది డిశ్చార్జి రోజున గాని గమనించరు.

2020 ఏప్రిల్‌లో వచ్చిన ప్రామాణిక పాలసీ ఆరోగ్య సంజీవనిలో కో-పే 5 శాతమే గాని, గది అద్దె బీమా మొత్తంలో 2 శాతాన్ని, ఎంత పెద్ద పాలసీ అయినా రోజుకు 5,000 రూపాయలను మించకూడదు. 2 లక్షల పాలసీ ఉన్నవారికి దక్కే గది 4,000 రూపాయలది. వారు 8,000 రూపాయల సింగిల్ రూములో నాలుగు రోజులు ఉంటే, అద్దె 32,000లో సగం పోవడమే కాక, సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటరు ఖర్చు 80,000 అయితే అందులోనూ అదే నిష్పత్తిలో సగం కోతపడుతుంది. ఈ కోత తగలని మందులు, పరీక్షలు మరో 40,000 అనుకుంటే, 1,52,000 బిల్లులో ఆమోదం పొందేది 96,000. దానిపై కో-పే 4,800. రోగి చేతినుంచి పడే 60,800లో కో-పే వాటా ఎంత స్వల్పమో దీన్ని బట్టి తెలుస్తుంది. గదిని బట్టి ఫీజులు మార్చని ఆసుపత్రిలో ఈ దామాషా కోత వర్తించకూడదు. అడ్మిషన్ కౌంటరు దగ్గర తప్పక అడగవలసిన ఈ సంగతిని అడిగేవారు అరుదు.

రోగికి వాటా ఉంటే అనవసర వైద్యం తగ్గుతుందని కంపెనీల వాదన. అమెరికాలో ర్యాండ్ సంస్థ 1970వ దశకంలో మొదలుపెట్టి 1982 వరకు జరిపిన ప్రయోగంలో, వాటా కట్టవలసినవారు వైద్యాన్ని తగ్గించుకున్నది నిజమే గాని, అవసరమైనదాన్నీ అనవసరమైనదాన్నీ ఒకే తీరున తగ్గించుకున్నారు. సగటు మనిషి ఆరోగ్యం పెద్దగా దెబ్బతినకపోయినా, రక్తపోటు ఉన్న పేదలకు మాత్రం ఉచిత వైద్యమే మేలు చేసింది. ఇక్కడ ఆసుపత్రిలో చేరితేనే పనిచేసే పాలసీ ఉన్న బీపీ రోగి, నెలనెలా మందుల షాపులో కొనే మాత్రలకు నూటికి నూరు శాతం తానే కట్టుకుంటున్నాడు. ఓపీ ఖర్చును కలిపే పాలసీలు లేకపోలేదు గాని, వాటికి ప్రీమియం ఎక్కువ, పరిమితి తక్కువ.