పాదచారి ఛాతీకి రక్షణ ఏది?

రోడ్డు దాటుతున్న మనిషిని కారు ఢీకొట్టిందంటే మనకు ముందుగా తట్టేది తలకు దెబ్బ, విరిగిన కాలు. ఛాతీ గుర్తుకు రాదు. కానీ గుండె, ఊపిరితిత్తులు, ప్రధాన రక్తనాళాలు ఉండేది అక్కడే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 32,825 మంది పాదచారులు ప్రమాదాల్లో మరణించారు. రోడ్డుపై పోయిన ప్రతి ఐదు ప్రాణాల్లో దాదాపు ఒకటి పాదచారిదే.

దెబ్బ ఎక్కడ తగులుతుంది?

ముందు భాగం వాలుగా ఉన్న చిన్న కారు బంపర్ మొదట మోకాలి దగ్గర తగులుతుంది. మనిషి బానెట్‌పైకి ఒరుగుతాడు. ఛాతీ, తల ఆ తర్వాత తాకుతాయి. ఎత్తుగా, నిటారుగా ఉండే ఎస్‌యూవీ, వ్యాన్, బస్సుల విషయం వేరు. దెబ్బ నేరుగా నడుముకో, ఛాతీకో తగులుతుంది. మనిషి ముందుకు పడి చక్రాల కిందికి వెళ్లే ముప్పూ ఎక్కువే. పిల్లలు పొట్టిగా ఉంటారు కాబట్టి, పెద్దవారి తొడకు తగిలే అంచు వారి ఛాతీకి తగులుతుంది. బానెట్ అంచు 40 అంగుళాలకు మించి ఎత్తున్న వాహనాలు ఢీకొంటే, 30 అంగుళాల లోపు ఎత్తుతో వాలుగా ఉన్నవాటితో పోలిస్తే పాదచారి మరణించే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని 2023లో అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ అధ్యయనం తేల్చింది.

లోతు ఒక్కటే కాదు, వేగం కూడా

చెరువు నీటిలో చేతిని మెల్లగా ముంచితే ఏమీ కాదు. అదే అరచేత్తో గట్టిగా కొడితే చుర్రుమంటుంది. ఛాతీ లోపలి మెత్తని అవయవాలదీ ఇదే తీరు. ఛాతీ ఎంత లోతుగా నొక్కుకుపోయిందన్నదే కాదు, ఎంత వేగంగా నొక్కుకుపోయిందన్నదీ ముఖ్యం. ఈ రెండింటి గుణకారం ఆధారంగా గాయం ముప్పును అంచనా వేసే కొలమానాన్ని 1980లలో లౌ, వియానో అనే పరిశోధకులు రూపొందించారు.

ఇంకో లెక్క చూద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చిన కారు తాకినప్పుడు లోహం, ఛాతీ కలిసి 10 సెంటీమీటర్లు లొంగితే, ఆ భాగంపై సగటు త్వరణం గురుత్వ త్వరణానికి 60 రెట్లు దాటుతుంది. 20 సెంటీమీటర్లు లొంగితే అది సగమవుతుంది. లొంగాల్సింది ఛాతీ కాదు, కారు. గట్టి ఉక్కు గొట్టాల బుల్‌బార్లు సరిగ్గా దీనికి అడ్డుపడతాయి. అందుకే కేంద్రం 2017 డిసెంబరులో వాటిని నిషేధించింది.

పరీక్షల్లో లోటు

పాదచారుల రక్షణ కోసం మన ఏఐఎస్-100 ప్రమాణం కింద కార్లకు తల, కాలు నమూనాలతో పరీక్షలు చేస్తారు. ఛాతీకి ప్రత్యేక నమూనా లేదు. కాబట్టి ఆ పరీక్షలో నెగ్గిన కారు ఛాతీకీ సురక్షితమని అనుకోలేం.

మార్గాలు లేకపోలేదు. బానెట్ అంచు ఎత్తు తగ్గించి గుండ్రంగా మలచడం, దాని కింద ఖాళీ వదలడం, మనిషిని గుర్తించి తనంతట తానే బ్రేకు వేసే వ్యవస్థ అమర్చడం వాటిలో కొన్ని. అన్నిటికన్నా చవకైనది వేగం తగ్గించడం. గంటకు 50 కిలోమీటర్ల నుంచి 30కి దిగితే వాహన గతిశక్తి దాదాపు మూడో వంతుకు పడిపోతుంది.

చివరిగా ఒక జాగ్రత్త. పిల్లల పక్కటెముకలు బాగా వంగుతాయి. అవి విరగకపోయినా లోపల ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. వాహనం తగిలిన పిల్లవాడు లేచి నడుస్తున్నా, పైకి గాయం కనిపించకపోయినా, ఇంటికి కాదు, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.