మెర్లో అనుకుని అమ్మేశారు.. తీరా చూస్తే అంతరించిందనుకున్న ద్రాక్ష! కార్మెనేర్ రెడ్ వైన్ అసలు కథ ఇదీ

ఒకటీ రెండేళ్లు కాదు.. వందేళ్లకు పైగా చిలీ రైతులు ఒక ద్రాక్షను ఇంకో ద్రాక్ష అనుకునే పండించారు. 'మెర్లో' పేరుతో దాని వైన్ విదేశాలకూ వెళ్లింది. తాగినవాళ్లకు మాత్రం చిన్న డౌట్ ఉండేది. చిలీ మెర్లో మిగతా దేశాల మెర్లోలా లేదేంటి? అని.

ఆ డౌట్ 1994 నవంబర్ 24న తీరింది. ఫ్రాన్స్‌కు చెందిన ద్రాక్ష జాతుల నిపుణుడు జాన్ మిషెల్ బూర్సికో, శాంటియాగో దగ్గర మైపో లోయలోని వీనా కార్మెన్ వైనరీ తోటకు వెళ్లారు. అక్కడి తీగలు పరిశీలించి, అది మెర్లో కాదని తేల్చేశారు. అది కార్మెనేర్! అంతరించిపోయిందని అందరూ అనుకున్న రకం. (తోట పేరు, ద్రాక్ష పేరు దగ్గరగా ఉండటం యాదృచ్ఛికమే.)

ఇంతకీ ఇది చిలీకి ఎలా వచ్చింది?

కార్మెనేర్ సొంతూరు ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతం. ఆకురాలే కాలంలో దీని ఆకులు ఎర్రగా మారతాయి. ఆ రంగు పేరు మీదే ద్రాక్షకు ఆ పేరు వచ్చిందంటారు. 19వ శతాబ్దం మధ్యలో చిలీలోని సంపన్న భూస్వాములు బోర్డో నుంచి ద్రాక్ష అంట్లు తెప్పించుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్లకే ఫ్రాన్స్ తోటలపై ఫిలోక్సెరా అనే పురుగు పడింది. కంటికి సరిగా ఆననంత చిన్న పురుగు.. వేర్లను తినేసి తోటలకు తోటలనే ఎండబెట్టేసింది.

అమెరికా ద్రాక్ష వేర్లకు అంటుకట్టి బోర్డో రైతులు మళ్లీ తోటలు వేశారు. కానీ కార్మెనేర్‌ను పక్కన పెట్టేశారు. ఎందుకంటే చలి, తడి వాతావరణంలో దీని పూత రాలిపోతుంది, కాయ పట్టదు. పైగా ఆలస్యంగా పండుతుంది. నష్టపోయి ఉన్న రైతు అలాంటి మొక్కను మళ్లీ నాటుతాడా? చిలీకి మాత్రం ఒకవైపు ఆండీస్ పర్వతాలు, ఇంకోవైపు పసిఫిక్ సముద్రం, పైన అటకామా ఎడారి. ఆ పురుగు అక్కడ ఇప్పటికీ పాగా వేయలేదు. ఎండలు ఎక్కువ, వేసవిలో వాన తక్కువ. కార్మెనేర్‌కు ఇంతకంటే ఏం కావాలి!

రుచి ఎలా ఉంటుంది?

దీన్ని 'ఫుల్ బాడీ' రెడ్ వైన్ల వైపే లెక్కేస్తారు. బాడీ అంటే నోట్లో తెలిసే చిక్కదనం. నీళ్ల పాలకీ, చిక్కటి గేదె పాలకీ తేడా ఉంటుంది కదా.. అలాంటిదే. ఆల్కహాల్, ద్రాక్ష తొక్కల నుంచి వచ్చే టానిన్లు దీనికి కారణం. వక్క నమిలితే నోరు పట్టేసినట్టు ఉంటుందే, ఆ వగరే టానిన్. కార్మెనేర్‌లో చిక్కదనం ఉన్నా కాబర్నే సావిన్యోన్ అంత వగరు ఉండదు. ముదురు ఊదా ఎరుపు రంగు, నల్లటి పండ్ల రుచి, మిరియాల ఘాటు.. వెనకాలే కాస్త క్యాప్సికం వాసన.

ఆ క్యాప్సికం దగ్గరే అసలు తిరకాసు. పైరజీన్లు అనే పదార్థాల వల్ల ఆ వాసన వస్తుంది. కాయ బాగా పండితే అది తగ్గుతుంది. కానీ మెర్లో కంటే కార్మెనేర్ కొన్ని వారాలు ఆలస్యంగా పండుతుంది. రెండూ ఒకటే అనుకుని ఒకే తోటలో, ఒకేసారి కోసేసేవాళ్లు. మెర్లో పండేది.. ఇది పచ్చిగానే ఉండేది! అందుకే ఆ రోజుల్లో చిలీ మెర్లోకు పచ్చి వాసన అనే చెడ్డపేరు ఉండేది.

మరి నిజం తెలిశాక? అప్పటికే ఎగుమతుల్లో మంచి మార్కెట్ ఉన్న 'మెర్లో' పేరు వదులుకోవడం కంపెనీలకు అంత ఈజీ కాదు. కొత్త పేరు కొనేవాళ్లకు తెలియదు. అయినా 1998లో చిలీ ప్రభుత్వం కార్మెనేర్‌ను అధికారికంగా గుర్తించింది. రైతులు తీగలను వేరు చేసి, ఆలస్యంగా కోయడం మొదలుపెట్టారు. దాంతో రుచే మారిపోయింది.

చైనాలోనూ ఇదే సీన్. అక్కడ 'కాబర్నే గెర్నిష్ట్' పేరుతో పెంచుతున్నది కూడా కార్మెనేరే అని డీఎన్ఏ పరీక్షల్లో బయటపడింది. ఇక సొంతూరు బోర్డోలో దీన్ని పెంచడానికి ఇప్పటికీ అనుమతి ఉంది. పెంచేవాళ్లే చాలా తక్కువ. చిలీ మాత్రం ఏటా నవంబర్ 24న కార్మెనేర్ డే చేసుకుంటోంది.